రెండు ఆటోలు, ఒకే గొంతు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరవాలి, పెన్షన్ రావాలి, శాలువా కప్పించుకున్న ఫోటో ఒకటి గోడకి వేలాడాలి. నాకు ఈ మూడూ లేవు. వయసు ఇంకా ముప్పై దాటలేదు. కాకపోతే నేను చేసిన ఉద్యోగం నాకంటే ముందే రిటైరైపోయింది. పోయినదాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, మిగిలింది నేనే. కాబట్టి నాకంటే చిన్నవాళ్ళు, ఇప్పుడిప్పుడే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ వెతుక్కుంటున్నవాళ్ళు, కాసేపు నన్ను పెద్దమనిషి అనుకుని వినండి. మా ఇంట్లో ఎవరూ అనుకోవడం లేదు.

నేను పొదిలిలో ప్రచార ఆటోలకు మాటలు రాసేవాణ్ణి. పైన రెండు మైకు గొట్టాలు కట్టుకుని మీ మధ్యాహ్నం నిద్ర పాడుచేసే ఆటో ఉంటుందే, దాంట్లోంచి వచ్చే ప్రతి మాటా ఎవరో ఒకరు కూర్చుని రాస్తారని మీకెప్పుడూ అనిపించి ఉండదు. నాకూ అనిపించలేదు, డిగ్రీ అయిపోయాక నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే మా నాన్న చూసే చూపు మారేదాకా. పత్తి విత్తనాలు, కంటి వైద్య శిబిరం, చీరల షాపు ప్రారంభోత్సవం, తప్పిపోయిన గేదె, ఆ వారం చనిపోయిన పెద్దమనిషి, ఆ నెల ఎన్నికల్లో నిలబడిన పెద్దమనిషి, అన్నిటికీ నేనే రాసేవాణ్ణి. చివరి ఇద్దరికీ విశేషణాలు దాదాపు ఒకటే.

రాసింది చదివేది మాస్టారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఒకప్పుడు ఊళ్ళల్లో నాటకాలాడుతుంటే తెర వెనక నిలబడి "తరువాతి ఘట్టం" అని ప్రకటించేవాడట. తెర ముందుకొచ్చిన వాళ్ళందర్నీ జనం మర్చిపోయారు, తెర వెనకాయన్ని మాత్రం మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ గొంతు గురించి రాయడం కష్టం. బావిలో మాట్లాడినట్టు లోతుగా ఉండేది, అయినా ఒక్క అక్షరం మునిగేది కాదు. తప్పిపోయిన గేదె గురించి ఆయన చదివితే, గేదె లేనివాళ్ళు కూడా దొడ్లోకి వెళ్ళి ఒకసారి చూసొచ్చేవారు.

ఆ గొంతు కోసం ఆయన ఒక త్యాగం చేశాడు. మిరప పండే నేల మీద పుట్టి, ఊరగాయ ముట్టకుండా బతికాడు. దవడన ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క. అంతకంటే పెద్ద త్యాగం ఇంకొకటి ఉందని నాకు ఆయన ఇంటికి వెళ్ళిన రోజు తెలిసింది. లోపల్నుంచి ఎవరో నీరసంగా, సన్నగా, జ్వరం పడి లేచినవాడి గొంతుతో "రారా, కూర్చో" అన్నారు. చూస్తే మాస్టారే. నేను బిత్తరపోతే వాళ్ళావిడ నవ్వింది.

"ఆ గొంతు పనికేగానీ ఇంట్లో వాడరు నాయనా. పెళ్ళైనప్పట్నుంచీ చూస్తన్నా. నన్ను పిలవాలన్నా ఇదే పిల్లికూన గొంతు."

"అరిగిపోద్దే," అన్నాడు మాస్టారు, అదే పిల్లికూన గొంతుతో.

మా స్టూడియో బట్టల షాపు పైన ఒక గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకి మాస్టారి ఆవిడ కుట్టిన బొంత. ఫ్యాను వేస్తే చప్పుడు రికార్డవుతుందని ఆపేసేవాళ్ళం. ప్రకాశం జిల్లా ఎండాకాలంలో ఫ్యాను లేని గదిలో ఇద్దరు మనుషులు తలుపుకి బొంత కట్టి కూర్చుని "చల్లచల్లని ఏసీ షోరూం" అని చదివారంటే కళకోసం ఎంత కష్టపడ్డారో మీరే ఊహించుకోండి. ఆయనకో పద్ధతి ఉండేది. వాక్యం చివర ప్రశ్న వస్తే, అడిగేసి, ఆగేవాడు. చాలాసేపు ఆగేవాడు. ఆ ఖాళీ నేను కత్తిరించబోతే చెయ్యి పట్టుకునేవాడు.

"ఆలోచించుకోనీరా జనాన్ని."

"ఈలోగా ఆటో వెళ్ళిపోద్ది మాస్టారూ."

"ఆటో పోయినా ఆలోచిస్తారు."

రెండు పార్టీలకీ ఆయనే చదివేవాడు. ఇందులో రహస్యం ఏమీ లేదు, చుట్టుపక్కల అలాంటి గొంతు ఇంకొకటి లేదు కాబట్టి ఊరంతా దాన్ని పోస్టాఫీసులా వాడుకునేది. అధికార పక్షానిదైతే కుర్చీలో కూర్చుని చదివేవాడు. ప్రతిపక్షానిదైతే లేచి నిలబడి చదివేవాడు. ప్రభుత్వం మారినప్పుడల్లా పార్టీలు అటూ ఇటూ అయ్యేవి. కుర్చీ మాత్రం అక్కడే ఉండేది.

అలాంటి రోజుల్లో డీజిలు, పెట్రోలు మీద రాష్ట్రం వేసే అమ్మకం పన్ను పెంచుతారన్న ప్రతిపాదన బయటికొచ్చింది. పెరిగిన పన్నంతా రోడ్లకేనని అధికార పక్షం వాళ్ళు, రైతు నోట్లో మట్టేనని ప్రతిపక్షం వాళ్ళు. టీవీలో పెద్దవాళ్ళు కొట్టుకున్నారు, పేపర్లలో మధ్యవాళ్ళు కొట్టుకున్నారు, మా ఊరి వంతు వచ్చేసరికి రెండు పార్టీల వాళ్ళూ ఒకే రోజు మా మెట్లెక్కారు. నాకు పని సులువే. కిందటి ప్రభుత్వంలో ఇదే గొడవ జరిగినప్పుడు రాసిన కాగితాలు ఉన్నాయి. అప్పుడు వీళ్ళు అటు, వాళ్ళు ఇటు. పేర్లు మార్చుకుంటే చాలు. కానీ నాకెందుకో ఆ రోజు కళాపోషణ పుట్టింది. ఒకే కాగితం మధ్యలో గీత గీసి, ఎడమపక్క అధికార పక్షం, కుడిపక్క ప్రతిపక్షం రాశాను. ఎడమ పక్క అడిగినదానికి కుడి పక్క జవాబు, కుడి పక్క అన్నదానికి ఎడమ పక్క దెబ్బ. మాస్టారు ఒక పక్క కూర్చుని చదివాడు, ఒక పక్క నిలబడి చదివాడు. ప్రశ్న వచ్చినచోటల్లా ఆగాడు.

చదివించుకున్న రెండో రోజు అధికార పక్షం పట్టణ నాయకుడు మళ్ళీ వచ్చాడు. ఊళ్ళో ఎన్నికలు దగ్గరపడుతున్నాయి.

"మాస్టారూ, మీరు మా మనిషని అందరికీ చెప్పుకున్నాను. ఇంక అటు చదవబాకండి."

"చెప్పుకునే ముందు నాక్కూడా ఒక మాట చెప్పాల్సిందండి."

"ఇప్పుడు చెప్పాగా. సంత రోజు లోపల తేల్చండి. కాదంటే మేం వేరే గొంతు చూసుకుంటాం."

ఆయన దిగిన కాసేపటికి ప్రతిపక్షం నాయకుడు ఎక్కాడు. అదే కుర్చీలో కూర్చున్నాడు, ఇంకా వెచ్చగానే ఉండుంటుంది.

"మాస్టారూ, మీ గొంతు ప్రజల పక్కన ఉండాలి."

"ప్రజలు రెండు పక్కలా ఉన్నారు కదండీ."

"ఉన్నారు. మన పక్క ఎక్కువమంది ఉన్నారు. సంత రోజుకి మాట చెప్పండి."

వాళ్ళు పోయాక మాస్టారు లేచి తలుపు బొంత సరిచేసి వచ్చి కూర్చున్నాడు. విషయం తేలికైనదే, అందుకే చిక్కు. ఎవరి పక్కా చేరకపోతే రెండు పార్టీల పనీ పోతుంది. ఆ పని లేకపోతే గేదెల మీద, కంటి శిబిరాల మీద ఆ గది నిలబడదు. ఒక పక్క చేరితే గది నిలబడుతుంది.

"ఒక పక్క చేరామనుకో, రెండో పక్కోడు కూతురు పెళ్ళికి నన్ను పిలవడు. వాళ్ళ అమ్మ పోతే నా చేత చెప్పించడు. గేదె తప్పిపోయినా నా దగ్గరకి రాడు," అన్నాడు. "గేదెకి పార్టీ ఏందిరా?"

నేను ఎప్పట్లాగే జోకు వెయ్యాలని చూశాను. గేదెలు ఎప్పుడూ ప్రతిపక్షమే మాస్టారూ, ఎవరు పిలిచినా పలకవు అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వకపోతే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

సంత రోజు వచ్చింది. పొద్దున్నే ఇద్దరం బస్టాండ్ సెంటర్లో టీ బంకు దగ్గర నిలబడ్డాం. మాస్టారు ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ టైంలో చీమకుర్తి నుంచి వస్తున్న గ్రానైట్ లారీ ఒకటి, వీపు మీద ఒకటే పెద్ద రాయి పెట్టుకుని, సెంటర్లో ఉన్న గుంతలో దిగింది. దిగి, మనసు మార్చుకుని అక్కడే ఉండిపోయింది. అన్ని వైపులా బళ్ళు ఆగిపోయాయి. మిరప బస్తాలతో గుంటూరు యార్డుకి పోతున్న ట్రాక్టరు, ఒంగోలు బస్సు, పత్తి తీతకి కూలీల్ని తీసుకెళ్తున్న ఆటోలు. ఒంగోలు రోడ్డులోంచి వచ్చిన అధికార పక్షం ప్రచార ఆటో లారీకి ఈ పక్కన ఆగింది. ఎదురుగా వచ్చిన ప్రతిపక్షం ఆటో ఆ పక్కన ఆగింది. మూతీ మూతీ ఎదురెదురు.

మామూలుగా ఈ రెండు ఆటోలు ఒకే వీధిలోకి రావు. అది మా ఊరి మర్యాద. ఆటోలు నడిపేది స్వయానా బావా బావమరుదులు కాబట్టి ఎవరు ఎటు పోవాలో పొద్దున్నే మాట్లాడుకుని బయల్దేరతారు. ఎదురుపడితే ఒకరు మైకు కట్టేస్తారు. కానీ ఈసారి రెండు పార్టీలూ పోటీ మీదున్నాయి. ఆటో మోగుతోందా లేదా అని వీధి వీధికీ మనుషుల్ని పెట్టాయి. మైకు ఆగితే ఆ రోజు కిరాయి లేదు.

"నువ్వు కట్టెయ్ బావా," అన్నాడు ఒకడు.

"నిన్న నేను కట్టేశా. ఇయ్యాల నీ వంతు."

"మా వోడు ఆ మెడికల్ షాపు దగ్గర నిలబడి చూస్తన్నాడ్రా."

"మా వోడు ఆడి పక్కనే నిలబడ్డాడు."

ఇద్దరూ కట్టెయ్యకుండా దిగి టీకి వచ్చారు. ఆటోలు మాత్రం మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

"అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా, మన ఊరి రోడ్డు చూశారా? ఈ గుంతలు ఎవరు పూడ్చాలి?" అని ఇటు ఆటో అడిగి, ఆగింది.

ఆ ఖాళీలో అటు ఆటో అందుకుంది. "అప్పు చేసి మిరప తోట వేసిన రైతన్న పూడ్చాలా?"

అది ఆగింది. ఇటుది మొదలైంది. "పన్ను లేకుండా రోడ్డు ఆకాశం నుంచి ఊడిపడుతుందా?"

"ఇంతకుముందు కట్టిన పన్నులు ఏ ఆకాశానికి వెళ్ళాయి?"

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. రెండు వైపులా అదే గొంతు. ఒకటి కూర్చున్న గొంతు, ఒకటి నిలబడ్డ గొంతు. కూలీల ఆటోలోంచి ఒకామె, "అయ్యో, ఆయనకీ ఆయనకీ పడటం లేదే," అంది. సెంటరంతా నవ్వింది.

నవ్వాక, విన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. అన్నేళ్ళు రాశాను, నా రాతని జనం నిలబడి మొదట్నుంచి చివరిదాకా వినడం ఆ రోజే చూశాను. పోవడానికి దారి లేదు కాబట్టి విన్నారనుకోండి, అయినా విన్నారు. ట్రాక్టరు మీద రైతు, పన్ను పెరిగితే యార్డుకి కిరాయి పెరుగుద్ది, ఆ కిరాయి కాయ ధరలో ఎవడిస్తాడు అన్నాడు. లారీ డ్రైవరు గుంతలోంచి తలెత్తి, కిరాయి సంగతి సరే, ఈ ఇరుసుకి ఎవడిస్తాడు అన్నాడు. టీవీలో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పరు. ఇక్కడ చెప్పుకున్నారు. ఎండలో, రాళ్ళ లారీ చుట్టూ నిలబడి.

అప్పుడు ఆ రైతు టీ బంకు దగ్గర మాస్టార్ని చూశాడు.

"మాస్టారా, అటూ మీరే చెప్తన్నారు, ఇటూ మీరే చెప్తన్నారు. ఇంతకీ మీరేమంటారు?"

నిశ్శబ్దం అయింది అని రాస్తే బాగుంటుంది. అవ్వలేదు, రెండు ఆటోలు మోగుతూనే ఉన్నాయి. మా బావా బావమరుదులే వెళ్ళి, కిరాయి సంగతి మర్చిపోయి, ఇద్దరూ ఒకేసారి కట్టేశారు. ఒకడు ఆటోలోంచి చేతి మైకు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

మాస్టారు నా వైపు చూశాడు. ఎడమ చెయ్యి కొంచెం చాపాడు. కాగితం ఇమ్మని.

నా దగ్గర కాగితం లేదు. జేబులన్నీ తడుముకున్నాను. ఇటు పక్కదీ అటు పక్కదీ రాసినవాణ్ణి, ఆయనది రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దించేసి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. వచ్చింది ఇంటి గొంతు. సన్నగా, నీరసంగా. మైకు పాడైందనుకుని ఒకడు వెళ్ళి పెట్టె మీద కొట్టాడు.

"నాకు పెద్దగా తెలీదయ్యా," అన్నాడు మాస్టారు. "మా ఆవిడకి తుంటి విరిగినప్పుడు ఈ రోడ్డు మీదే ఆటోలో ఒంగోలు తీసకపోయా. గుంత వచ్చినప్పుడల్లా అరిచింది. గుంత దాటాక, నన్ను చూసి, నొప్పి లేదులే అనింది. ఒంగోలు దాకా అంతే. రోడ్డు వేస్తామంటే పన్ను ఇస్తా. వెయ్యకపోతే ఇంకెప్పుడూ ఇయ్యను. అంతే. ఇది నన్నెవరూ అడగలా ఇంతకుముందు."

మైకు ఇచ్చేసి టీ తాగడానికి వచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రైతు తల ఊపి ట్రాక్టరు ఎక్కాడు. అందరూ కలిసి నెట్టితే లారీ కదల్లేదు, క్రేను వచ్చాక కదిలింది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరు నాయకులూ మా గదిలో ఉన్నారు, ఈసారి ఒకేసారి. ఉన్నది ఒకే కుర్చీ కాబట్టి ఇద్దరూ నిలబడ్డారు. ఆయన అన్న మాటల్లో చెరో సగానికీ చెరొకరికి కోపం వచ్చింది. "వెయ్యకపోతే" అనడం ప్రభుత్వాన్ని అనుమానించడమని ఒకాయన. "ఇస్తా" అనడం పెంపుని ఒప్పుకోవడమని ఇంకొకాయన. ఇద్దరి కోరికా ఒకటే. పొద్దున అన్నది అవతలి వాళ్ళు అనిపించారని ఒక చిన్న వివరణ చదవాలి. పని గొంతుతో. చదివితే గది, పని, అన్నీ ఉంటాయి. చెరొక కాగితం రాయించుకొచ్చారు కూడా. నా చేత కాదు. అది నాకు కొంచెం గుచ్చుకుంది.

మాస్టారు రెండు కాగితాలూ చదివాడు, పెదాలు కదుపుతూ, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చూసుకుంటున్నట్టే.

"బాగానే రాశారండి," అన్నాడు. "కానీ పొద్దున అనింది నా మాట. ఇన్నేళ్ళకి ఒకటి అన్నా. అది నాది కాదని నేనే ఎట్లా చదివేది?"

ఆ మాట వింటుంటే నా ఒళ్ళు జలదరించింది అని రాయాలనుంది. నిజానికి ఆ క్షణంలో నేను మా నాన్న చూపు గురించి ఆలోచిస్తున్నాను. జలదరింపు తర్వాతెప్పుడో వచ్చింది, గుంటూరు బస్సులో. అప్పటికి ఆయన పక్కన లేడు.

పన్ను సంగతి అడుగుతారేమో. ప్రతిపాదన పరిశీలనలోకి వెళ్ళింది, ఇంకా అక్కడే ఉంది. ఆపినందుకు మాదే గెలుపని ఒక పార్టీ, తొందరపడనందుకు మాదే గెలుపని ఇంకో పార్టీ మళ్ళీ ఆటోలు తిప్పాయి. ఒంగోలు నుంచి ఎవరి గొంతో తెచ్చుకున్నారు. గది ఖాళీ చేస్తూ, కోడిగుడ్ల అట్టలు పీకుతూ కిటికీలోంచి విన్నాం. "చదవగలడు," అన్నాడు మాస్టారు, "కానీ ఎక్కడా ఆగటం లా." అంతకుమించి ఏమీ అనలేదు. గుంత మాత్రం ఏ పరిశీలనా అవసరం లేకుండా అలాగే ఉంది.

ఇప్పుడు నేను గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. మిరప బస్తాలు లోపలికి పంపుతాను, బయటికి రప్పిస్తాను. జీతం నయం, ఫ్యాను ఉంది. ఉద్యోగం అంటే ఇదేనని అందరూ అంటున్నారు, నేనూ కాదనను. కానీ రోడ్డు మీద ఏ ప్రచార ఆటో వెళ్ళినా చేతిలో పెన్ను ఆగిపోతుంది. ఏదో ఒక రోజు ఆ గొంతే వస్తుందని కాదు. రాదని ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది, అందుకు.

అప్పుడప్పుడూ మధ్యాహ్నం అన్నం టైంలో మాస్టారు ఫోన్ చేస్తాడు. ముందు వాళ్ళావిడ మాట్లాడుతుంది. "ఇప్పుడు పొద్దస్తమానం మాట్లాడతన్నారు నాయనా. అన్నేళ్ళ మాటలూ నాకే చెప్తన్నారు. వినలేక చస్తన్నా," అంటుంది, అంటున్నప్పుడు ఆవిడ గొంతు చాలా బాగుంటుంది. ఒకసారి నేను ఆయన్ని అడిగేశాను, ఒక్కసారి పని గొంతుతో ఏదన్నా చెప్పండి మాస్టారూ, ఏదైనా సరే అని.

"ప్రయత్నించానురా మొన్న. రాలా," అన్నాడు. తర్వాత, "నీ ఎదురుగా ఏముంది అక్కడ?" అన్నాడు.

"గోడ."

"గోడ మీద?"

"బోర్డు. రైతులకు సూచనలు."

"చదువు."

చుట్టూ హమాలీలు అన్నం తింటున్నారు. సిగ్గేసింది. అయినా లేచి నిలబడి చదివాను. బస్తాల మీద పేరు, ఊరు స్పష్టంగా రాయవలెను. తడిసిన కాయ తీసుకోబడదు. తీసుకువెళ్ళేటప్పుడు రశీదు చూపవలెను.

"పరిగెత్తబాక. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఈసారి మెల్లగా, ప్రతి మాటా ఎవరికో అందిస్తున్నట్టు. హమాలీలు చేతిలో ముద్దలు పట్టుకుని నా వైపే చూశారు, తడిసిన కాయ గురించి జీవితంలో మొదటిసారి వింటున్నట్టు. చదవడం అయిపోయింది. ఫోన్లో ఏమీ వినపడలేదు. పెట్టేశాడేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. పెట్టెయ్యలేదు, ఆగాడంతే. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.